నడిచేవాడి నొప్పి, నిద్రలో వచ్చే నొప్పి

విలియం హెబర్డెన్ 1768 జూలై 21న లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో చదివిన వ్యాసం అచ్చులో పది పేజీలకు మించదు. నాలుగేళ్ళ తర్వాత, 1772లో, ఆ కాలేజీవారి సంపుటంలో వెలువడింది. గుండెనొప్పి అని ఇవాళ లోకమంతా దేన్ని అంటోందో దానికి మొదటి స్పష్టమైన వర్ణన అదే. లాస్ ఏంజెలెస్ వైద్యుడు మైరన్ ప్రింజ్‌మెటల్ మరో నలుగురితో కలిసి 1959లో అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వేసిన వ్యాసానికి అంత పేరు లేదు. వైద్య విద్యార్థులకు తప్ప బయటివాళ్ళకు తెలియదు. అయినా ఈ రెండింటినీ కలిపి చదవక తప్పదు. ఎందుకంటే ప్రింజ్‌మెటల్ తన వ్యాసాన్ని కట్టిందే హెబర్డెన్‌కు ఎదురుగా నిలబెట్టి. హెబర్డెన్ రోగికి నడిస్తే నొప్పి, నా రోగికి పడుకుంటే నొప్పి. అతనికి ఆగితే తగ్గుతుంది, ఇతనికి ఆగడమనే ప్రశ్నే లేదు. అతని ఈసీజీలో ఒక గీత కిందికి దిగుతుంది, ఇతని ఈసీజీలో అదే గీత పైకి లేస్తుంది. వ్యాసం నడక అంతా ఇలాగే, పోటీదారుడితో కొలత పెట్టుకున్నట్టు ఉంటుంది.

పోటీ న్యాయంగా జరిగిందా అన్నది నా మొదటి అనుమానం.

హెబర్డెన్ దగ్గర ఈసీజీ లేదు సరే, స్టెతస్కోపు కూడా లేదు. అది రావడానికి ఇంకా అర్ధ శతాబ్దం ఉంది. ఉన్నవల్లా చెవులు, నాడి పట్టే వేళ్ళు, ఏళ్ళ తరబడి రాసి పెట్టుకున్న కాగితాలు. వందల ఏళ్ళుగా రాజుల దగ్గర్నుంచి అందరూ మింగుతూ వచ్చిన సర్వవిషహరమనే లేహ్యానికి ఆధారం లేదని 1745లోనే పుస్తకం రాసిన మనిషి. పెద్దలు చెప్పారు కాబట్టి నమ్మాలన్న బాపతు కాదు. ఈ జబ్బు గురించి పుస్తకాల్లో వెతికి ఏమీ దొరక్కపోతే, అనుభవమున్న ఒక వైద్యుణ్ణి అడిగాడట. అలాంటివాళ్ళను కొందర్ని చూశాననీ, అందరూ ఉన్నట్టుండి చనిపోయారనీ ఆయన చెప్పాడు. ఆ మాటను హెబర్డెన్ ఏ అలంకారమూ లేకుండా వ్యాసంలో పెట్టేశాడు.

ఆ వచనం బలం దాని వరసలో ఉంది. ముందు రోగి ఏం చేస్తుండగా వస్తుందో చెబుతాడు: నడుస్తుండగా, అందులోనూ ఎత్తు ఎక్కుతుండగా, భోజనం చేసిన కాసేపటికి. తర్వాత ఎలా ఉంటుందో చెబుతాడు: ఊపిరి బిగబట్టినట్టు, ఇంకొంచెం సేపు ఇలాగే ఉంటే ప్రాణం పోతుందన్నట్టు. ఆపైన ఎలా పోతుందో: నిలబడగానే మాయం. సిద్ధాంతం ఎక్కడో చివర, సందేహిస్తూ వస్తుంది. ఇవాళ్టి మన కార్డియాలజిస్టు రోగిని అడిగే మొదటి మూడు ప్రశ్నలు ఈ మూడే. రెండు వందల యాభై ఏళ్ళలో ఆ వరస మారలేదు.

అయితే ఆ వ్యాసం అక్కడితో ఆగదు. జబ్బు నెలల తరబడి ముదిరాక పడుకున్నప్పుడు కూడా వస్తుందనీ, రాత్రుళ్ళు మంచం మీంచి లేచి కూర్చోవలసి వస్తుందనీ రాశాడు. ఆయన చనిపోయాక 1802లో కొడుకు అచ్చు వేయించిన పెద్ద పుస్తకంలో ఇంకొంచెం ముందుకు వెళ్ళి, నిలబడి ఉండగా, కూర్చుని ఉండగా, నిద్రలోంచి లేస్తూనే నొప్పి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారన్నాడు. అప్పటికి దాదాపు నూరుమందిని చూశాడు. అందులో ముగ్గురు ఆడవాళ్ళు, పన్నెండేళ్ళ పిల్లవాడొకడు, మిగతావాళ్ళంతా యాభై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్న మగవాళ్ళు. అంటే ప్రింజ్‌మెటల్ వేరు చేసి చూపించిన నొప్పి హెబర్డెన్ పుస్తకంలో లేకపోలేదు. ఒక పక్కగా, మినహాయింపుగా, వేరే సంచిలో వేయకుండా ఉండిపోయింది. ప్రింజ్‌మెటల్ ఎదురుగా నిలబెట్టుకున్న హెబర్డెన్, పాఠ్యపుస్తకాలు రెండు శతాబ్దాలపాటు సన్నం చేసి పెట్టిన హెబర్డెన్. మూలం తీసి చదివితే ఆ మనిషి ఇంత ఇరుకుగా లేడు.

ఇంకో విషయం మరీ ఆశ్చర్యం కలిగిస్తుంది. ఈ నొప్పికి కారణం వాపు కాదు, కండర సంకోచం లాంటిదేదో అయి ఉండాలని హెబర్డెన్ ఊహ. హఠాత్తుగా రావడం, హఠాత్తుగా పోవడం, మధ్యలో రోగి పూర్తి ఆరోగ్యంగా ఉండటం, మనసు కలత పడితే పెరగడం, నల్లమందుకూ సారాయికీ తగ్గడం ఆయన చూపిన సాక్ష్యాలు. నొప్పి వస్తున్న సమయంలో నాడి పట్టుకుని చూస్తే కొన్నిసార్లు అది నిలకడగానే ఉంది కాబట్టి, దీని చోటు గుండె కాదేమో అని కూడా అనుకున్నాడు. సంకోచమన్న మాట పట్టుకున్నాడు, దాని ఇల్లు మాత్రం దొరకలేదు. ఆయన చూసిన వాళ్ళలో ఎక్కువమందికి రక్తనాళాలు పూడుకుపోయే జబ్బే అయి ఉంటుంది. వాళ్ళ విషయంలో ఆ ఊహ తప్పు. కొద్దిమంది విషయంలో మాత్రం, తనకు తెలియకుండానే, రెండు శతాబ్దాలు ముందున్నాడు.

ఈ రెండు వ్యాసాల మధ్య మూడోది ఒకటుంది. అది వైద్యుడిది కాదు. హెబర్డెన్ వ్యాసం సారాంశం ఒక పత్రికలో చదివిన యాభై దాటిన ఒక పెద్దమనిషి, 1772లో పేరు చెప్పకుండా ఆయనకు ఉత్తరం రాశాడు. మీరు వర్ణించిన జబ్బు నాకుంది అన్నాడు. ఎడమ చేతిలో నొప్పి గురించి రాశాడు. అక్కడితో సరిపెట్టలేదు. కూర్చున్నప్పుడో, నిలబడినప్పుడో, ఒక్కోసారి మంచంలో ఉండగానో, ఒంట్లో జరిగే పనులన్నీ మూడు నాలుగు సెకన్లపాటు మొత్తంగా ఆగిపోయినట్టు అనిపిస్తుందనీ, మళ్ళీ మొదలయ్యేటప్పుడు గుండె దగ్గర ఒక కుదుపు తగులుతుందనీ వివరించాడు. ఆ కుదుపును దారానికి కట్టిన చిన్న బరువు జారిపడి ఆగడంతో పోల్చాడు. నేను హఠాత్తుగా పోతే నా శరీరాన్ని కోసి చూడండి, జబ్బు తెలిస్తే ఇతరులకు పనికొస్తుందని అనుమతి కూడా ఇచ్చాడు. మూడు వారాలు తిరక్కుండానే పోయాడు. జాన్ హంటర్ శవపరీక్ష చేశాడు. బృహద్ధమని మీద కొద్దిపాటి మచ్చలు తప్ప గుండెలో చావుకు తగ్గ కారణమేదీ కనబడలేదు.

నా లెక్కలో ఈ ఉత్తరం హెబర్డెన్ వ్యాసం కంటే, ప్రింజ్‌మెటల్ వ్యాసం కంటే గొప్ప రచన. హెబర్డెన్ నొప్పిని బయటినుంచి చూశాడు. ఇతను నొప్పిని దాటి, గుండె లయ తప్పడాన్ని లోపలినుంచి రాశాడు. హెబర్డెన్ వేళ్ళకు నాడి నిలకడగా తగిలింది, ఇతనికి తన గుండె ఆగి మళ్ళీ కొట్టుకోవడం తెలిసింది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, పట్టుకున్న క్షణాలు వేరు. గుండె ఒక దెబ్బ ముందుగా కొట్టి ఆపైన విరామం తీసుకోవడమే అతను చెప్పిన ఆగడం కావచ్చునని ఇవాళ్టి వైద్యులు అంటారు. అతనికి ఉన్నది రక్తనాళం బిగుసుకుపోయే జబ్బేనని నేను అనను, అలా అనడానికి ఆధారం లేదు. కానీ నొప్పి, లయ తప్పడం, ఆకస్మిక మరణం, కోసి చూస్తే కనబడని కారణం ఈ నాలుగూ ఒకే మనిషిలో కలిసి కనిపిస్తాయి ఇక్కడ.

గుండె అలా ఆగితే మనిషి స్పృహ తప్పుతాడు. దాన్ని ముఖ్యంగా తీసుకున్న వైద్యుడు హెబర్డెన్ కాదు, కేలెబ్ హిల్లియర్ పారీ. ఇంగ్లండులోని బాత్ ఊరి వైద్యుడు. 1799లో ఈ జబ్బు మీద పుస్తకం వేస్తూ శీర్షికలోనే దీన్ని మూర్ఛగా లెక్క కట్టాడు. అసలు జబ్బు మూర్ఛ, నొప్పి దానికి ముందు నడిచేది మాత్రమే అన్నది పారీ వాదం. ఆయన స్నేహితుడు ఎడ్వర్డ్ జెన్నర్ (మశూచి టీకాతో లోకప్రసిద్ధుడైనవాడే) ఆ పుస్తకానికి ఇచ్చిన ఉత్తరంలో ఒక సంగతి చెబుతాడు. ఈ జబ్బుతో పోయిన ఒకరి గుండెను కోస్తుంటే కత్తికి ఏదో గట్టిగా, ఇసకలా తగిలిందట. పాత ఇంటి పైకప్పు పెచ్చు రాలి పడిందేమోనని తల ఎత్తి చూశాడట. చూస్తే అది గుండెకు రక్తం ఇచ్చే కరొనరీ ధమని, ఎముకలా గట్టిపడిపోయి ఉంది. గురువు హంటర్‌కే ఈ జబ్బు ఉందని జెన్నర్‌కు తెలుసు. అందుకే ఆయన బతికుండగా ఈ మాట పైకి రానివ్వలేదు. ఆసుపత్రి సమావేశంలో వాదన ముదిరి 1793లో హంటర్ కుప్పకూలి పోయాక, ఆయన ధమనులూ అలాగే గట్టిపడి కనిపించాయి.

కథగా జెన్నర్ ఉత్తరానికి సాటి లేదు. వాదంగా చూస్తే అక్కడే చిక్కు మొదలైంది. పారీ లెక్క ప్రకారం గట్టిపడిన ధమని కూర్చున్నంతసేపు గుండెకు సరిపడా రక్తం ఇస్తుంది, శ్రమ పెరిగితే చాలదు, గుండె నీరసించి మనిషి పడిపోతాడు. తర్కం బాగుంది, నడిచేవాడి నొప్పికి అతికినట్టు సరిపోతుంది. అయితే ఈ లెక్కలో ధమని ఒక గొట్టం మాత్రమే. అది ఎప్పుడూ ఒకే వెడల్పుతో ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి, ఏ శ్రమా లేకుండా నిద్రపోతున్న మనిషి ఎందుకు పడిపోతాడన్న ప్రశ్నకు ఆ గొట్టంలో జవాబు లేదు. హెబర్డెన్‌కు సంకోచం దొరికి గుండె దొరకలేదు. పారీకి గుండె దొరికి సంకోచం చెయ్యి జారింది. మూర్ఛను పట్టుకున్నవాడు దాన్ని గొట్టానికి కట్టేశాడు, సంకోచాన్ని పట్టుకున్నవాడు దాన్ని నొప్పికి కట్టేశాడు.

తర్వాతి నూట అరవై ఏళ్ళూ గొట్టానిదే పైచేయి. 1910లో విలియం ఆస్లర్ లండన్ ఉపన్యాసాల్లో ధమని కండరం బిగుసుకోవడం గురించి మళ్ళీ ఎత్తాడు. 1912లో షికాగోలో జేమ్స్ హెరిక్ ధమనిలో రక్తం గడ్డకట్టడం గురించి రాశాడు. ఆ వ్యాసం మెల్లగా వైద్యలోకాన్ని గెలుచుకుంది, ఆస్లర్ మాట మూలన పడింది.

ఇప్పుడు ప్రింజ్‌మెటల్ వ్యాసం దగ్గరికి రావచ్చు. దాని వచనం పొడిగా ఉంటుంది. హెబర్డెన్ రోగుల్లో రోజూ అరగంట కట్టె కోసి దాదాపు నయం చేసుకున్న మనిషి ఒకడున్నాడు. ప్రింజ్‌మెటల్ రోగుల్లో అలా గుర్తుండిపోయేవాడు కనిపించడు. అక్కడ మనిషికి బదులు గడియారం ఉంది. ఇతని రోగికి నొప్పి తరచు రోజూ ఒకే వేళకు వస్తుంది. ఎంతసేపట్లో పెరుగుతుందో ఇంచుమించు అంతసేపట్లో తగ్గుతుంది. నొప్పి శిఖరానికి చేరినప్పుడు గుండె కింది గదుల నుంచి లయ తప్పిన దెబ్బలు మొదలవుతాయి. నాలుక కింద నైట్రోగ్లిజరిన్ పెడితే దిగిపోతుంది. ఇవన్నీ చెప్పాలంటే నొప్పి వస్తున్న ఆ కొద్ది నిమిషాల్లో రోగి ఒంటికి ఈసీజీ తీగలు తగిలించి ఉండాలి. గుండె లయను రోజంతా నమోదు చేస్తూ, రోగి ఒంటిమీద మోసుకు తిరిగే హోల్టర్ యంత్రం అప్పటికి వాడుకలో లేదు. ఆ ఓపిక వ్యాసంలో ఎక్కడా గొప్పగా చెప్పుకోలేదు, కానీ ప్రతి గ్రాఫు వెనకా ఉంది.

అంతకు ఏడాది ముందు, 1958 అక్టోబరులో, క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ పొరపాటున ఒక రోగి కుడి కరొనరీ ధమనిలోకే రంగుమందు ఎక్కించేశాడు. గుండె ఆగింది, రోగిని దగ్గమంటే మళ్ళీ కొట్టుకుంది. ఆ పొరపాటులోంచే మనకిప్పుడు తెలిసిన యాంజియోగ్రామ్ పుట్టింది. ప్రింజ్‌మెటల్‌కు ఆ బొమ్మలు అందుబాటులో లేవు. పెద్ద ధమని ఒకటి సన్నబడి ఉంటుందనీ, అక్కడ గోడ బిగువు తాత్కాలికంగా పెరిగి దారి మూసుకుపోతుందనీ అతను అనుకున్నాడు. కుక్కల ధమనిని కాసేపు మూసి తెరిచి, ఈసీజీలో అదే గీత లేవడాన్ని చూశాడు. ఊహను ఊహగానే రాశాడు, వ్యాసాన్ని ప్రాథమిక నివేదిక అనే అన్నాడు. ఆ వినయమే వ్యాసాన్ని కాపాడింది. 1973లో ఒలీవా బృందం నొప్పి వస్తుండగా యాంజియోగ్రామ్ తీసి ధమని బిగుసుకోవడాన్ని కంటికి చూపించింది. అర్ధరాత్రి పిక్క పట్టేసినట్టు ధమని పట్టేస్తుంది, మందు పడగానే వదులుతుంది. ఏ పూడికా లేని శుభ్రమైన ధమనులు కూడా ఇలా బిగుసుకుంటాయని ఆ దశకంలోనే తేలింది. సన్నబడిన చోటు ఉండి తీరాలన్న ప్రింజ్‌మెటల్ షరతు కొంత సడలింది, మిగతా వర్ణన చెక్కుచెదరలేదు. ఇటలీలో అత్తీలియో మసేరి, జపాన్‌లో హిరోఫుమి యసుఎ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. ధమనిలోకి ఎసిటైల్‌కోలిన్ ఎక్కించి, బిగువును కావాలని రప్పించి చూసే పరీక్షకు యసుఎ పేరే మొదట చెబుతారు.

లయ తప్పడం గురించి ప్రింజ్‌మెటల్ ఒకటి రెండు చోట్ల చెప్పి దాటేశాడు. నిజానికి జబ్బులో ప్రాణాంతకమైన భాగం అదే. ఎడమవైపు ముందు భాగానికి వెళ్ళే పెద్ద ధమని బిగుసుకుంటే గుండె కింది గదులు అదుపు తప్పి వేగంగా కొట్టుకోవచ్చు, ఒక్కోసారి కొట్టుకోవడం మాని ఉత్తినే వణకవచ్చు. కుడి ధమని బిగుసుకుంటే ఎక్కువగా లయ మందగిస్తుంది, పై గదుల నుంచి కిందికి వెళ్ళే సంకేతం తెగిపోతుంది, కొన్ని సెకన్లు గుండె ఊరకే ఉంటుంది. ఏదైనా ఫలితం ఒకటే: మెదడుకు రక్తం ఆగిన కొద్ది సెకన్లలోనే మనిషి పడిపోతాడు. బిగువు వదిలి రక్తం తిరిగి పారుతున్న క్షణంలో కూడా లయ తప్పడం ఉంది. ధమని దానంతటదే తెరుచుకుంటే రోగి లేచి కూర్చుంటాడు. ఆసుపత్రికి వెళ్ళేసరికి ఈసీజీ మామూలుగా ఉంటుంది.

ఇక్కడే హెబర్డెన్, ప్రింజ్‌మెటల్ ఇద్దరూ ఒకే తప్పు చేశారని నేననుకుంటున్నాను. ఎంత ఎదురుబొదురుగా నిలబడ్డా ఇద్దరి ఇంటికీ గుమ్మం ఒకటే, అది నొప్పి. నొప్పి చెప్పని రోగి హెబర్డెన్ కాగితాల్లోకి రాడు. నొప్పి రాకపోతే ప్రింజ్‌మెటల్ యంత్రం తగిలించడు. మయామీ నుంచి రాబర్ట్ మయర్‌బర్గ్ బృందం 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వేసిన చిన్న వ్యాసం ఈ గుమ్మాన్ని పక్కకు పెట్టింది. ఆసుపత్రి బయట గుండె ఆగి, బతికి బయటపడ్డవాళ్ళలో కొందరికి ధమని బిగుసుకుంటున్నా నొప్పి తెలియడం లేదనీ, తెలిసేది లయ తప్పడం ఒక్కటేననీ అందులో చూపించారు. రోగుల సంఖ్య చాలా తక్కువ, వచనం రెండింటికంటే చప్పగా ఉంటుంది, చదివించే గుణం లేదు. కానీ పేరు చెప్పని ఆ పెద్దమనిషి ఉత్తరానికి జవాబు లాంటిది ఏదైనా ఉందంటే నాకు కనిపించినది ఇదే.

మన ఊళ్ళలో ఈ వ్యాసాలన్నిటిలో ఎవరు గెలిచారని చూస్తే పారీయే. పరామర్శకు వెళ్ళినవాడు మొదట అడిగేది “ఎన్ని బ్లాకులున్నాయన్నారు?” అనే. స్టెంట్ వేశారా లేదా అన్నది రెండో ప్రశ్న. తెల్లవారుజామున బాత్రూముకు వెళ్తూ కళ్ళు తిరిగి పడిపోయిన మనిషికి పగటి పూట టీఎంటీ (ట్రెడ్‌మిల్ పరీక్ష) చేస్తారు, చాలాసార్లు అది బాగానే వస్తుంది. యాంజియోగ్రామ్ తీస్తే గొట్టం శుభ్రంగా కనబడుతుంది. “బ్లాకులేమీ లేవండీ, గ్యాస్ అయ్యుంటుంది” అన్న మాటతో ఇంటికి వస్తాడు. పడిపోయినప్పుడు చేతులు కాళ్ళు నాలుగుసార్లు కొట్టుకుని ఉంటే ఫిట్సు అనుకుని ఇంకో డాక్టరు దగ్గరికి పంపిస్తారు. అంటే పారీ పుస్తకంలో సగమే మనకు దక్కింది, గొట్టం దక్కింది, మూర్ఛ జారిపోయింది. సిగరెట్టు అలవాటుందా, తెల్లవారుజామునే వస్తుందా, పడిపోయే ముందు ఛాతీ బిగిసిందా, నాలుక కింద సార్బిట్రేట్ మాత్ర పెట్టుకుంటే తేడా తెలిసిందా అన్న ప్రశ్నలు హెబర్డెన్ తరహావి. వాటికి యంత్రం అక్కర్లేదు, పది నిమిషాల సమయం కావాలి. ఓపీ బయట నలభై మంది నిలబడ్డ చోట ఆ పది నిమిషాలు ఎవరిస్తారన్నది వేరే సంగతి.

ఈ రెండు నొప్పులనూ విడదీయడం పండితుల ముచ్చట కాదనడానికి మందుల చీటీయే సాక్ష్యం. నడిచేవాడి నొప్పికి గుండె శ్రమ తగ్గించే బీటా బ్లాకర్లు ఎన్నో ఏళ్ళుగా నమ్మకమైన మందులు. ధమని బిగుసుకునేవాడికి వాటిలో కొన్ని, ముఖ్యంగా ప్రొప్రనొలాల్ లాంటివి, బిగువును పెంచగలవు. వీళ్ళకు పనికొచ్చేవి డిల్టియాజెమ్, నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ లాంటి కాల్షియం ఛానెల్ మందులు, వాటికి తోడు నైట్రేట్లు. పొగ మానడం అన్నిటికంటే ముందు. మైగ్రేన్‌కు వాడే కొన్ని మాత్రలూ, కొకైన్ లాంటి మత్తుమందులూ ఈ ధమనులకు పడవు. హెబర్డెన్ నల్లమందు, సారాయి రాసిచ్చాడు. గుండెనొప్పికి నైట్రోగ్లిజరిన్‌ను లండన్‌లో విలియం మర్రెల్ వెలుగులోకి తెచ్చింది 1879లో. ఆ మందు హెబర్డెన్ రోగికీ, ప్రింజ్‌మెటల్ రోగికీ కూడా పనిచేస్తుంది. అందుకే దానితో తగ్గిందంటే గుండెనొప్పేనని అనుమానించవచ్చు గాని, ఎవరి నొప్పో తేల్చలేం.

వైద్యుల్లో ఇప్పుడు నడుస్తున్న వాదన ఐసీడీ గురించి. గుండె వణుకులో పడి బతికి బయటపడ్డ రోగికి, మందులతో ధమని బిగువు అదుపులో ఉన్నా సరే, లయ తప్పగానే షాకు ఇచ్చే ఆ పెట్టెను ఛాతీలో అమర్చాలా? కారణం తెలిసింది, దానికి మందు ఉంది, పెట్టె ఎందుకని ఒక పక్షం. మందు ఒక్క రాత్రి మరిచిపోతే ఏమవుతుందని ఇంకో పక్షం. మొదటి పక్షం మాట ప్రింజ్‌మెటల్ ధోరణిలో ఉంది: యంత్రాంగం తెలిస్తే జబ్బు చేతికి వచ్చినట్టే. నా మొగ్గు రెండోవైపు. ధమని బిగువు ఏ రాత్రి తిరగబెడుతుందో ముందుగా చెప్పే పరీక్ష ఇంతవరకు లేదు. పెట్టె అయినా బిగువును ఆపదు, లయను సరిచేస్తుందంతే. కాబట్టి పెట్టె పెట్టించుకున్నవాడికీ డిల్టియాజెమ్ తప్పదు, సిగరెట్టు మానక తప్పదు.